ఫిజీ దీవులలో నేల తేమ ద్వారా కరువు పరిశీలన

ఫిజీ దీవులలో నేల తేమ ద్వారా కరువు పరిశీలన అనగా దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దేశంలో మట్టిలో నిలిచి ఉండే నీటి హెచ్చుతగ్గులను ఎప్పటికప్పుడు గమనిస్తూ, ఏ ప్రాంతం, ఏ పంట, ఏ ప్రజలు కరువు బారిన పడుతున్నారో తెలుసుకొనే విధానం. వాన ఎంత కురిసినది అన్న లెక్క కరువును గుర్తించడానికి తొలి మెట్టు మాత్రమే. కురిసిన వానలో ఎంత భాగం వేరుకు అందే లోతులో మిగిలి ఉన్నది అన్నదే పంటకు ముఖ్యం. నలువైపులా సముద్రం ఉండి, మధ్యలో కొండలు గల దీవులలో ఈ రెండు లెక్కలకూ మధ్య వ్యత్యాసం చాలా ఎక్కువగా ఉంటుంది. ఒకే దీవిలో ఒక పక్క నేల నీటితో నిండి ఉండగా, కొండకు అవతలి పక్క పైరు ఎండిపోవచ్చును. అందుచేత దీవులలో కరువును దేశం మొత్తానికి ఒకే సగటుగా కాక, చిన్న చిన్న ప్రాంతాలుగా విడదీసి చూడవలసి ఉంటుంది.

నేల తేమ అంటే ఏమిటి

మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీలలో కొంత గాలి, కొంత నీరు ఉంటాయి. ఆ నీటినే నేల తేమ అంటారు. తెలుగు రైతులు దీనిని పదును, చెమ్మ అని పిలుస్తారు. విత్తనం వేయడానికి పదును చూసుకోవడం, వానలు వెనుకబడితే పైరు బెట్టకు వచ్చింది అనడం ఈ పరిశీలనకే చెందిన మాటలు. శాస్త్రజ్ఞులు దీనిని సాధారణంగా మట్టి ఘనపరిమాణంలో నీటి శాతంగా చెబుతారు. వంద ఘనపు సెంటీమీటర్ల మట్టిలో 30 ఘనపు సెంటీమీటర్ల నీరు ఉంటే ఆ నేల తేమ 30 శాతం.

నేల తేమకు రెండు ముఖ్యమైన హద్దులు ఉన్నాయి. మంచి వాన కురిసి, అదనపు నీరు కిందికి దిగిపోయిన తరువాత మట్టి తన బలంతో పట్టి ఉంచుకొనే నీటి పరిమాణాన్ని క్షేత్ర సామర్థ్యం అంటారు. మట్టిలో ఇంకా కొంత నీరు ఉన్నప్పటికీ మొక్క దానిని పీల్చుకోలేక, రాత్రివేళ కూడా తేరుకోకుండా వాడిపోయే స్థాయిని శాశ్వత వడలు స్థితి అంటారు. ఈ రెండింటికీ మధ్య ఉన్న నీరే మొక్కకు లభ్యమయ్యే నీరు. ఇసుక నేలలలో ఇది తక్కువ, లోతైన బంకమట్టి నేలలలో ఎక్కువ. నేల తేమ క్షేత్ర సామర్థ్యం నుండి వడలు స్థితి వైపు జారుతూ, పంట అవసరాన్ని తీర్చలేని స్థితికి చేరితే దానిని వ్యావసాయిక కరువు అంటారు. వర్షపాతపు లోటును బట్టి చెప్పేది వాతావరణ కరువు. నదులు, జలాశయాలు, భూగర్భజలాలు తగ్గిపోవడం జలవనరుల కరువు. సాధారణంగా ఇవి ఇదే వరుసలో కాకుండా వాతావరణ కరువు, వ్యావసాయిక కరువు, జలవనరుల కరువుగా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి.

ఫిజీ దీవుల రెండు ముఖాలు

ఫిజీలో 300కు పైగా దీవులు ఉన్నాయి. వాటిలో సుమారు మూడవ వంతు దీవులలోనే ప్రజలు స్థిరంగా నివసిస్తున్నారు. దేశ భూభాగం సుమారు 18,270 చదరపు కిలోమీటర్లు. ఇందులో విటి లెవు దీవి సుమారు 10,400 చదరపు కిలోమీటర్లు, వనువా లెవు దీవి సుమారు 5,500 చదరపు కిలోమీటర్లు ఆక్రమించి ఉన్నాయి. ఇవి రెండూ అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిన, ఎత్తైన కొండలు గల దీవులు. విటి లెవులోని తోమనివి శిఖరం 1,324 మీటర్ల ఎత్తుతో దేశంలోకెల్లా ఎత్తైనది.

సంవత్సరంలో ఎక్కువ కాలం ఈ దీవులపై ఆగ్నేయ వ్యాపార పవనాలు వీస్తాయి. సముద్రం మీదుగా తేమను మోసుకొని వచ్చే ఈ గాలులు కొండలను తాకి పైకి లేచి, చల్లబడి, తూర్పు మరియు ఆగ్నేయ భాగాలలో వర్షిస్తాయి. కొండ దాటి కిందికి దిగే గాలిలో తేమ తక్కువ. కనుక పశ్చిమ, వాయవ్య భాగాలు వర్షచ్ఛాయలో ఉంటాయి. ఆగ్నేయ తీరంలోని రాజధాని సువా నగరంలో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియగా, అదే దీవికి పశ్చిమాన ఉన్న నాండిలో సుమారు 1,800 మిల్లీమీటర్లు మాత్రమే కురుస్తుంది.

నాండి వర్షపాతం అనంతపురం ప్రాంతపు సగటు కంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది. అంత వాన కురిసే చోట కరువు ఎట్లా వస్తుంది అన్న సందేహం సహజం. దీనికి సమాధానం వాన కురిసే కాలంలో ఉన్నది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు ఫిజీలో వర్షాకాలం, మే నుండి అక్టోబరు వరకు పొడికాలం. గాలికి ఎదురుగా ఉన్న తూర్పు వైపున పొడికాలంలో కూడా జల్లులు పడుతూనే ఉంటాయి. గాలి చాటున ఉన్న పశ్చిమ వైపున మాత్రం సంవత్సరపు వానలో అధిక భాగం వర్షాకాలపు ఆరు నెలలలోనే కురిసిపోతుంది. మిగిలిన ఆరు నెలలు మొక్క ప్రధానంగా నేల దాచుకున్న నీటితోనే బ్రతకాలి. ఒక వర్షాకాలం విఫలమైతే ఆ నిల్వ నిండదు. తరువాతి పొడికాలంలో దానిని పూడ్చే మార్గం ఉండదు.

పశ్చిమ భాగపు నేలలు కూడా ఈ ఇబ్బందిని పెంచుతాయి. నదీ తీరాలలో లోతైన ఒండ్రు నేలలు ఉన్నప్పటికీ, గుట్టల వాలుల మీద పదేపదే నిప్పుకు గురై, పైమట్టి కొట్టుకొనిపోయిన పలుచని నేలలు విస్తారంగా ఉన్నాయి. స్థానిక ఫిజీ భాషలో వీటిని తలసింగ అంటారు. ఎండకు మాడిన నేల అని ఆ మాటకు అర్థం. ఇటువంటి నేలలు తక్కువ నీటిని దాచుకుంటాయి, త్వరగా ఎండుతాయి.

చెరకు సాగు పొడి వైపుకు చేరిన విధం

ఫిజీలో కరువు బారిన ప్రధానంగా పడేది చెరకు పంట. ఈ పంట దీవులలోని పొడి వైపున కేంద్రీకృతం కావడం యాదృచ్ఛికం కాదు. ఆస్ట్రేలియాకు చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ 1882లో తన తొలి చక్కెర మిల్లును విటి లెవు తూర్పు భాగంలో, రేవా నది ఒడ్డున గల నౌసోరిలో ప్రారంభించినది. అది వాన ఎక్కువగా కురిసే ప్రాంతం. చెరకు పెరగడానికి నీరు కావాలి గాని, గడలో చక్కెర చేరి పక్వానికి రావడానికి పొడి వాతావరణం కావాలి. ఎడతెగని వానల వలన తూర్పున చక్కెర శాతం తక్కువగా ఉండేది. నౌసోరి మిల్లు 1959లో మూతపడినది. బా పట్టణం వద్ద రారావై, లౌటోకా, రాకిరాకి వద్ద పెనాంగ్, వనువా లెవులోని లంబాసా మిల్లులు గాలి చాటు ప్రాంతాలలో ఉన్నవి. వీటిలో పెనాంగ్ మిల్లు 2016లో విన్‌స్టన్ తుఫానుకు దెబ్బతిన్న తరువాత తిరిగి నడవలేదు.

ఈ విధంగా చక్కెరను పండించే పొడి వాతావరణమే కరువును కూడా తెచ్చిపెట్టే కారణమైనది. చెరకు సాగులో చాలా భాగం వర్షాధారం. నేల తేమ తప్ప దానికి వేరే ఆధారం లేదు.

ఈ పొలాలలో పనిచేయుటకు 1879 నుండి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా ఫిజీకి తీసుకొని వెళ్లారు. అగ్రిమెంటు అన్న ఆంగ్ల పదం కూలీల నోట గిర్మిట్ అయినది, వారు గిర్మిటియాలు అయ్యారు. 1903 నుండి మద్రాసు రేవు గుండా దక్షిణ భారతీయుల వలస మొదలైనది. వీరిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుండి వెళ్లిన తెలుగువారు కూడా ఉన్నారు. 1926లో నాండి కేంద్రంగా దక్షిణ భారతీయుల సంగం ఏర్పడగా, 1941లో తెలుగువారు ప్రత్యేకంగా దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. 1920వ దశకం నుండి కంపెనీ తన పెద్ద తోటలను సుమారు పదేసి ఎకరాల కమతాలుగా విభజించి కౌలుకు ఇచ్చినది. గిర్మిటియాల సంతతివారు అనేకులు ఆ విధంగా చిన్న కౌలు రైతులుగా స్థిరపడ్డారు. పదెకరాల కౌలు రైతుకు ఒక ఏడాది పంట పోతే తట్టుకొనే శక్తి తక్కువ.

ఎల్ నినో మరియు కరువులు

వర్షాకాలంలో ఫిజీకి వానను తెచ్చేది దక్షిణ పసిఫిక్ అభిసరణ మండలం అనే మేఘాల పట్టీ. ఇది సోలమన్ దీవుల వైపు నుండి ఆగ్నేయంగా సాగుతుంది. మధ్య మరియు తూర్పు పసిఫిక్‌లో సముద్రజలాలు మామూలు కంటే వేడెక్కే ఎల్ నినో సంవత్సరాలలో ఈ పట్టీ ఈశాన్యంగా జరుగుతుంది. అప్పుడు ఫిజీపై వానలు తగ్గుతాయి. 1982-83, 1987, 1997-98, 2010, 2014-16 కాలాలలో ఫిజీలో చెప్పుకోదగిన కరువులు సంభవించినవి. వీటిలో ఎక్కువ భాగం ఎల్ నినోతో ముడిపడినవే.

1997-98 కరువు ఇటీవలి చరిత్రలో తీవ్రమైనది. 1997 ద్వితీయార్ధంలో మొదలైన వర్షాభావం 1998లో కూడా కొనసాగినది. 1996లో సుమారు నాలుగున్నర లక్షల టన్నులు ఉన్న చక్కెర ఉత్పత్తి 1998లో దాదాపు రెండున్నర లక్షల టన్నులకు పడిపోయినది. పశ్చిమ ప్రాంతంలోని అనేక కుటుంబాలకు ప్రభుత్వం ఆహార పదార్థాలు, త్రాగునీరు సరఫరా చేయవలసి వచ్చినది.

ఈ కరువు మరొక విషయాన్ని స్పష్టం చేసినది. ఫిజీలో చెరకు నరకడం సాధారణంగా జూన్‌లో మొదలై సంవత్సరాంతం వరకు సాగుతుంది. వర్షాకాలంలో నేల తేమ లోపిస్తే గడ ఎదగదు. కాని ఆ నష్టం మిల్లు తూకంలో కనబడేది నెలల తరువాతనే. అంటే పంట లెక్కలు కరువును ఆలస్యంగా చెబుతాయి. నేల తేమను కొలిస్తే అదే విషయం ముందుగా తెలిసే అవకాశం ఉన్నది.

వర్షపాతం లెక్క ఒక్కటే ఎందుకు చాలదు

కరువును తెలుపుటకు ఎక్కువగా వాడే కొలమానం ప్రామాణిక వర్షపాత సూచిక. దీనిని 1993లో మెక్కీ మరియు సహచరులు ప్రతిపాదించారు. ఒక చోట కొన్ని నెలలలో కురిసిన వాన, ఆ చోటి దీర్ఘకాల రికార్డుతో పోల్చితే ఎంత తక్కువ లేక ఎక్కువ అన్నది ఇది చెబుతుంది. వర్షమాపకం ఉంటే చాలు, లెక్క వేయవచ్చును. అయితే నేల స్వభావం, ఎండ, గాలి, పంట తీసుకొనే నీరు ఇందులో చేరవు.

అవి కూడా చేరినప్పుడు ఫలితం ఎట్లా మారుతుందో ఒక ఊహా లెక్కతో చూడవచ్చును. ఒకే ఊరిలో, ఒకే వాన పడే రెండు పొలాలు ఉన్నాయి అనుకుందాం.

మొదటిది లోతైన ఒండ్రు నేల. వేరు లోతు 90 సెంటీమీటర్లు, లభ్యమయ్యే నీరు 15 శాతం. కనుక ఈ నేల దాచుకోగల నీరు 135 మిల్లీమీటర్లు.

రెండవది పలుచని గుట్ట నేల. వేరు లోతు 40 సెంటీమీటర్లు, లభ్యమయ్యే నీరు 10 శాతం. ఈ నేల దాచుకోగల నీరు 40 మిల్లీమీటర్లు.

పైరు రోజుకు 4 మిల్లీమీటర్ల నీరు తీసుకుంటే, రెండు నేలలూ నిండి ఉన్న రోజు నుండి వాన లేకుండా గడిచినప్పుడు మొదటి పొలంలో నీరు సుమారు 34 రోజులు, రెండవ పొలంలో 10 రోజులు వస్తుంది. నిజానికి తేమ తగ్గేకొద్దీ మొక్క తీసుకొనే నీరు కూడా తగ్గుతుంది కనుక రోజులు కొంత పెరుగుతాయి గాని, ఎదుగుదల ముందుగానే కుంటుపడుతుంది. మూడు వారాల తరువాత ఒకే రోజున 60 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకుంటే, మొదటి నేల దానిని దాచుకోగలదు. రెండవ నేల 40 మిల్లీమీటర్లకు మించి పట్టుకోలేదు, మిగిలినది వాలు వెంట పోతుంది. నెలాఖరున వర్షమాపకం రెండు పొలాలకూ ఒకే అంకెను చూపుతుంది. కాని ఒక పైరు నిలిచినది, రెండవది దెబ్బతిన్నది.

ఈ రకమైన జమాఖర్చును నీటి సమతుల్యత లెక్క అంటారు. వాన జమ. బాష్పీభవనం, మొక్కల బాష్పోత్సేకం, వాలు వెంట పోయే నీరు, లోతుకు ఇంకే నీరు ఖర్చు. మిగిలిన నిల్వ నేల తేమ. అమెరికా శాస్త్రజ్ఞుడు థార్న్‌త్వైట్ 1948లో ఈ భావనను వాతావరణ వర్గీకరణకు ఉపయోగించగా, పామర్ 1965లో దాని ఆధారంగా తన పేరుతో ప్రసిద్ధమైన కరువు సూచికను రూపొందించాడు.

నేలపై కొలిచే పద్ధతులు

అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి మట్టిని తూచడం. పొలం నుండి తీసిన తడిమట్టిని తూచి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 24 గంటలు ఆరబెట్టి మరల తూస్తారు. తడిమట్టి 250 గ్రాములు, ఎండిన మట్టి 200 గ్రాములు ఉంటే, ఎండిన మట్టి బరువులో నీరు 25 శాతం. ఇతర పరికరాలన్నిటినీ దీనితోనే సరిచూస్తారు. అయితే దీనికి శ్రమ ఎక్కువ, ప్రతిసారీ మట్టిని తవ్వాలి.

విద్యుత్ ధర్మాలపై ఆధారపడే పరికరాలను నేలలో పాతిపెట్టి నిరంతరం కొలవవచ్చును. పొడిమట్టి యొక్క రోధక స్థిరాంకం సుమారు 3 నుండి 5 వరకు ఉండగా, నీటిది సుమారు 80. ఇంత తేడా ఉన్నందువలన కొద్దిపాటి నీరు చేరినా మట్టి యొక్క విద్యుత్ స్వభావం స్పష్టంగా మారుతుంది. టెన్షియోమీటరు అనే పరికరం నీటి పరిమాణాన్ని కాక, మట్టి నుండి నీటిని పీల్చడానికి వేరు ఎంత బలం పెట్టాలో కొలుస్తుంది. ఇవి అన్నీ పాతిన చోట తేమను మాత్రమే చెబుతాయి. కొండలు, లోయలు, రకరకాల నేలలు గల దీవిలో కొన్ని పరికరాల ఆధారంగా దీవి మొత్తం స్థితిని చెప్పడం కష్టం.

ఉపగ్రహాల ద్వారా కొలవడం

విశాల ప్రాంతాలలో నేల తేమను తెలుసుకొనుటకు సూక్ష్మ తరంగాలను ఉపయోగిస్తారు. ఇవి మేఘాలను దాటి రాగలవు, రాత్రి కూడా పనిచేస్తాయి. ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి.

నేల సహజంగా వెలువరించే సూక్ష్మ తరంగాలను గ్రహించేది మొదటి పద్ధతి. పొడినేల వీటిని ఎక్కువగా, తడినేల తక్కువగా వెలువరిస్తాయి. ఈ తీవ్రతను ప్రకాశ ఉష్ణోగ్రత అనే పేరుతో కెల్విన్లలో చెబుతారు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 నవంబరులో ప్రయోగించిన స్మాస్, నాసా 2015 జనవరి 31న ప్రయోగించిన స్మాప్ ఉపగ్రహాలు ఈ పద్ధతిలో ఎల్ బ్యాండు తరంగాలను వాడుతాయి. స్మాప్ రెండు మూడు రోజులకొకసారి ప్రతి ప్రాంతాన్ని చూస్తుంది. ఇది నేరుగా గ్రహించగలిగేది పైన ఉన్న సుమారు 5 సెంటీమీటర్ల పొరలోని తేమను మాత్రమే. మీటరు లోతు వరకు గల తేమను వాతావరణ వివరాలతో కలిపి గణిత నమూనాల ద్వారా అంచనా వేస్తారు.

ఉపగ్రహమే తరంగాలను పంపి, తిరిగి వచ్చిన వాటిని గ్రహించే రాడార్ పద్ధతి రెండవది. ఐరోపా వారి మెటాప్ ఉపగ్రహాలలోని ఆస్కాట్, 2014 నుండి ప్రయోగింపబడిన సెంటినల్-1 శ్రేణి దీనికి ఉదాహరణలు. స్మాప్‌లో కూడా ఒక రాడార్ ఉండేది గాని, అది 2015 జులైలో పనిచేయడం మానివేసినది.

వేర్వేరు ఉపగ్రహాల కొలతలను కలిపి 1978 నుండి నేటి వరకు ఒకే వరుసగా కూర్చిన దత్తాంశాన్ని ఐరోపా అంతరిక్ష సంస్థ 2012 నుండి అందిస్తున్నది. ఈ నెల తేమ తక్కువా అని చెప్పాలంటే మామూలుగా ఎంత ఉంటుందో తెలియాలి. దానికి ఇటువంటి దీర్ఘకాల రికార్డు అవసరం.

దీవుల ప్రత్యేక సమస్య

ఈ ఉపగ్రహాలు ఖండాలను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. స్మాప్ చూసే ఒక్కొక్క గడి వెడల్పు సుమారు 36 కిలోమీటర్లు. అటువంటి గడి వైశాల్యం సుమారు 1,300 చదరపు కిలోమీటర్లు. ఆ లెక్కన ఫిజీలోకెల్లా పెద్దదైన విటి లెవు మొత్తం ఎనిమిది గళ్లకు సమానం. తీరం వంకరటింకరగా ఉన్నందువలన ఎక్కువ గళ్లలో కొంత భాగం సముద్రం ఉంటుంది.

ఆ సముద్రమే చిక్కు తెస్తుంది. ఎల్ బ్యాండులో పొడినేల ప్రకాశ ఉష్ణోగ్రత 270 కెల్విన్లు, సముద్రానిది 100 కెల్విన్లు అనుకుందాం. ఒక గడిలో ఐదవ వంతు సముద్రం ఉంటే ఉపగ్రహానికి కనబడే సగటు 236 కెల్విన్లు. 34 కెల్విన్ల ఈ తగ్గుదలను సరిదిద్దకపోతే ఎండిన పొలాలు బాగా తడిసిన నేలగా లెక్కకు వస్తాయి. అందుచేత తీరపు గళ్ల కొలతలను సవరిస్తారు లేక నమ్మదగనివిగా గుర్తించి పక్కన పెడతారు. ఫిజీ చెరకు పొలాలు, పట్టణాలు ఎక్కువగా ఉన్నది తీర మైదానాలలోనే. అంటే కరువు ఎక్కువగా తగిలే చోటనే ఉపగ్రహపు చూపు మసకబారుతున్నది.

రెండవ చిక్కు సగటుది. ఒకే గడిలో సగం గాలికి ఎదురు వైపు, సగం గాలి చాటు వైపు ఉన్నదనుకుందాం. ఎదురు వైపు నేల తేమ మామూలుగానే 42 శాతం ఉన్నది. చాటు వైపు మామూలుగా 28 శాతం ఉండవలసినది 18 శాతానికి పడిపోయినది. గడి సగటు 35 నుండి 30కి తగ్గినట్లు మాత్రమే కనబడుతుంది. పది శాతపు తీవ్రమైన లోటు ఐదు శాతపు స్వల్ప లోటుగా మారిపోయినది.

ఈ సమస్యకు పరిష్కారం గడి పరిమాణాన్ని తగ్గించడమే. సెంటినల్-1 వంటి రాడార్లు పదుల మీటర్ల వివరాన్ని చూపగలవు. అయితే ఎత్తుగా, దట్టంగా పెరిగిన చెరకును దాటి నేలను చూడటం వాటి సి బ్యాండు తరంగాలకు కష్టం. ఎల్ బ్యాండు తరంగాలు పైరును మరింతగా దాటుకొని పోగలవు. ఇస్రో, నాసా సంయుక్తంగా నిర్మించిన నిసార్ ఉపగ్రహంలో ఎల్ బ్యాండు, ఎస్ బ్యాండు రాడార్లు రెండూ ఉన్నాయి. దీనిని 2025 జులై 30న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుండి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్టు ద్వారా ప్రయోగించారు. ఇది 12 రోజులకొకసారి ఒకే మార్గంలో తిరిగి వస్తుంది. సుమారు 200 మీటర్ల స్థాయిలో నేల తేమ వివరాలను అందించడం దాని లక్ష్యాలలో ఒకటి. పదెకరాల కమతం సుమారు 200 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు గల చతురస్రమంత ఉంటుంది. చిన్న రైతుల పొలాలు గల దీవికి ఇంతటి వివరం ఎంత ఉపయోగకరమో దీనినిబట్టి ఊహించవచ్చును.

కరువుకు గురయ్యే స్థితిని లెక్కించడం

నేల ఎండినంత మాత్రాన ప్రజలు నష్టపోతారని చెప్పలేము. మనుషులు లేని కొండపై నేల ఎండితే అది కరువు లెక్కలోకి రాదు. కనుక మూడు విషయాలను వేరు చేసి చూస్తారు. తేమ లోటు అనేది ఆపద. ఆ లోటు ఉన్న చోట పంటలు, పశువులు, ప్రజలు ఉండటం ఆపదకు గురికావడం. నీటిపారుదల, పొదుపు, ఇతర ఆదాయం లేకపోవడం వలన తట్టుకోలేకపోవడం బలహీనత.

లెక్కించే క్రమం సాధారణంగా ఈ విధంగా ఉంటుంది.

ప్రతి గడికి అనేక సంవత్సరాల నేల తేమ రికార్డును సేకరిస్తారు.

ఈ వారం తేమను గత సంవత్సరాలలో ఇదే వారపు తేమతో పోల్చుతారు. పొడికాలంలో నేల ఎండటం సహజం కనుక వేర్వేరు కాలాలను పోల్చకూడదు.

ఆ వరుసలో ప్రస్తుత తేమ ఎన్నవ స్థానంలో ఉన్నదో శాతంగా చెబుతారు. అమెరికా కరువు పటంలో 30 శాతం కంటె కింద ఉంటే అసాధారణ పొడి, 20 కింద మధ్యస్థ కరువు, 10 కింద తీవ్ర కరువు, 5 కింద అతి తీవ్ర కరువు, 2 కింద అసాధారణ కరువు అని వర్గీకరిస్తారు.

ఎన్ని వారాలు వరుసగా ఆ స్థితి కొనసాగినదో లెక్కిస్తారు. ఒక వారం పొడి పైరుకు ప్రమాదం కాదు, పది వారాల పొడి ప్రమాదం.

ఆ పటంపై పంట భూముల పటాన్ని, జనాభా పటాన్ని పరచి, ఏ స్థాయి కరువులో ఎన్ని ఎకరాలు, ఎంతమంది ఉన్నారో తెలుసుకుంటారు.

చివరి మెట్టు వలన సాయం ఎవరికి ముందు అందాలన్నది తేలుతుంది. దేశం సగటును చూస్తే సాధారణ సంవత్సరంగా కనబడిన ఏడాదిలో కూడా, గాలి చాటు లోయలోని ఒక ఊరు తీవ్ర కరువులో ఉండవచ్చును. సగటును నమ్మి సాయం నిర్ణయిస్తే ఆ ఊరు లెక్కలో ఉండదు.

చిన్న దీవులు

విటి లెవుకు పశ్చిమాన గల యసావా, మమనుథా దీవులు, తూర్పున గల లావు దీవులు ఇంకా చిన్నవి. వీటిలో అనేకం ఒక్క గడిలో కొద్ది భాగం కూడా నింపవు. పెద్ద గళ్ల ఉపగ్రహాలకు అవి సముద్రమే. ఇక్కడ పెద్ద నదులు లేవు. ప్రజలు వాననీటి తొట్లపైన, బావులపైన ఆధారపడతారు. పొడికాలం పొడవైన సంవత్సరాలలో ప్రభుత్వం పడవలలో త్రాగునీరు పంపవలసి వస్తుంది. ఇటువంటి చోట్ల వర్షమాపకం, తొట్లలోని నీటిమట్టం, పొలంలో పాతిన తేమ పరికరం, కర్రపెండలం, చేమ వంటి పంటల స్థితి గురించి ఊరివారు చెప్పే సమాచారం కలిపి చూడటమే మార్గం.

ఉపయోగాలు మరియు పరిమితులు

నేల తేమ పరిశీలన వలన చెరకు నాటే సమయాన్ని నిర్ణయించవచ్చును, మిల్లుకు రాబోయే చెరకును ముందుగా అంచనా వేయవచ్చును, గడ్డి భూములలో నిప్పు ప్రమాదాన్ని హెచ్చరించవచ్చును. ఇది తుఫానుల విషయంలో కూడా ఉపయోగపడుతుంది. 2016 ఫిబ్రవరి 20న ఫిజీని తాకిన విన్‌స్టన్ తుఫానులో 44 మంది మరణించారు. అది ఎల్ నినో పొడి కాలం ఇంకా ముగియకముందే వచ్చినది. కరువు, తుఫాను ఒకే ఏడాదిలో రాగల దేశంలో నేల ఎంత నీటిని పట్టగలదో ముందుగా తెలియడం వరద అంచనాకు అవసరం.

పరిమితులు కూడా ఉన్నాయి. ఉపగ్రహం చూసే 5 సెంటీమీటర్ల పొర ఒక్క జల్లుకే తడుస్తుంది. దాని కింద చెరకు వేరు ఉన్న పొర పొడిగానే ఉండవచ్చును. నిటారైన వాలులు, దట్టమైన అడవులు కొలతలను తప్పుదారి పట్టిస్తాయి. కొత్త ఉపగ్రహాల రికార్డు కొద్ది సంవత్సరాలదే కనుక మామూలు స్థితిని నిర్ణయించుటకు అది చాలదు. ఇవి అన్నీ సరిచూచుకొనుటకు పొలంలో మట్టిని తవ్వి తూచే పని తప్పదు. గాలి చాటున కొన్ని, గాలికి ఎదురుగా కొన్ని, ఒండ్రు నేలలో కొన్ని, తలసింగ నేలలో కొన్ని చొప్పున కొలత కేంద్రాలు ఉంటే, ఒకే దీవిలోని వేర్వేరు నేలల స్థితి సగటులో కలిసిపోకుండా విడివిడిగా తెలుస్తుంది.